జీవకణమునకు లాకులు

విజయవాడలో పెరిగినవారికి లాకు అనగా నేమో వివరింపనవసరము లేదు. కృష్ణ కాలువలమీద పడవలు తిరిగిన రోజులలో ధాన్యపు పడవయైనను, ఇటుకల పడవయైనను, పెండ్లివారి పడవయైనను లాకు చెంత ఆగియే తీరవలెను. ఎగువ నీరు ఒక మట్టమున నుండును, దిగువ నీరు మరియొక మట్టమున నుండును. నడుమ రాతిగోడల తొట్టి. తొట్టికి రెండు కొనలను రెండు జతల తలుపులు. దిగువనుండి వచ్చిన పడవ తొట్టిలో ప్రవేశించిన పిమ్మట దాని వెనుక తలుపులు మూయుదురు. ఎగువ నీటిని కొంచెము కొంచెముగా లోనికి వదలుదురు. నీరు నిండుకొలది పడవ పైకి లేచును. మట్టములు సమమైనప్పుడు ముందు తలుపులు తెరచుకొనును, పడవ సాగిపోవును. చిన్నతనమున గట్టుపై నిలిచి ఈ వేడుకను గంటలకొలది చూచుట మాకు అలవాటు. రెండు జతల తలుపులను ఒక్కమారు తెరువరాదను సంగతి అప్పుడే తెలిసికొంటిమి. తెరచినచో అది లాకు కాదు, గండి.

మరియొక చిత్రము మాత్రము చాల కాలమునకు గాని మాకు తట్టలేదు. బరువైన పడవను పైకెత్తినది మనుష్యుడు కాడు, ఎద్దు కాదు, యంత్రము కాదు. ఎగువనుండి క్రిందికి దిగుచున్న నీరే దానిని ఎత్తినది. దిగునది ఎక్కుదానిని మోయుచున్నది. శ్రోతలు ఈ మాటను జ్ఞాపకముంచుకొనవలెనని మనవి. ప్రసంగము ముగియులోపల దీనితో మరల పని పడును.

మన దేహము కణములతో నిర్మితమని అందరమును బడిలో చదివియున్నాము. ప్రతి కణమునకును చుట్టు ఒక పొర కలదు. కణత్వచమని దానికి పేరు. 1925లో గోర్టర్, గ్రెండెల్ అను ఇరువురు డచ్చి శాస్త్రజ్ఞులు ఎఱ్ఱ రక్తకణములనుండి కొవ్వును వేరుచేసి, నీటిపై పరచి, దాని వైశాల్యమును కొలిచిరి. కణము చుట్టును కొవ్వు అణువులు రెండు వరుసలుగా అమరియున్నవని తేల్చిరి. రెండు వరుసలును కలిసి మందము సుమారు 5 నానోమీటరులు. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షవ వంతు. ఇంత పలుచని గట్టే లోపలి సంసారమును బయటి ప్రవాహమునుండి కాపాడుచున్నది. కొవ్వుతో కట్టిన గట్టగుటచే ఉప్పుగాని, చక్కెరగాని దానిని తమంతట తాము దాటజాలవు. ఉప్పు నూనెలో కరగదని ఇల్లాండ్రకు మేము చెప్పవలసినది లేదు.

గట్టున్నచోట దారులును ఉండవలెను. కణపు గట్టున ఆ దారులు మాంసకృత్తులు. అవి రెండు తెగలు. ఒక తెగ తూముల వంటివి. తలుపెత్తినంతసేపు అయానులు, అనగా విద్యుత్తును వహించు కణికలు, తమంతట తాము జారిపోవును. పొటాషియపు తూము ఒక్కటి సెకనునకు కోట్లకొలది అయానులను వదలగలదు. 1992లో పీటర్ ఆగ్రీ బృందము నిరూపించిన నీటి తూము సెకనునకు సుమారు 300 కోట్ల నీటి అణువులను పంపును. రెండవ తెగ లాకుల వంటివి. అవి ఒక్కొక్క సరుకును లోపలికి తీసికొని, వెనుక తలుపు మూసి, ముందు తలుపు తెరచి అవతలికి వదలును. వీని పని సెకనునకు పదులలోనో వందలలోనో లెక్కకు వచ్చును. తూముతో పోల్చిన ఇది నత్తనడక. కాని తూము చేయలేని పని యొకటి లాకు చేయగలదు. అది సరుకును తక్కువ మట్టమునుండి ఎక్కువ మట్టమునకు ఎక్కించును.

మాంసకృత్తు లాకు ఈ విధముగా ఒకమారు ఒక ప్రక్కకు, మరియొకమారు రెండవ ప్రక్కకు నోరు తెరచునని 1966లో స్పష్టముగా ప్రతిపాదించినవాడు ఓలెగ్ జార్డెట్‌స్కీ. ఆయన వర్ణపట పద్ధతులతో అణువులను పరిశోధించిన శాస్త్రజ్ఞుడగుట గమనింపదగినది. ప్రతిపాదన సుందరముగా నున్నది. కాని తలుపు కదలుచున్నట్లు చూచినవా రెవరు?

చూచుట సామాన్యము కాదు. మామూలు సూక్ష్మదర్శినితో సుమారు 200 నానోమీటరులకన్న చిన్న వివరము కనబడదు. వెలుగు అలయే అంత పెద్దది. మన లాకు మొత్తము పది నానోమీటరులకు మించదు. మాంసకృత్తును స్ఫటికముగా పేర్చి ఎక్సు కిరణములతో దాని రూపమును గీయుట ఒక మార్గము. అది గొప్ప మార్గమే. కాని స్ఫటికములో మాంసకృత్తు ఫొటోకు కూర్చుండిన పెండ్లికొడుకు వలె బిగిసిపోవును. లాకు ఛాయాచిత్రమును చూచి తలుపులున్నవని చెప్పవచ్చును. ఏది ముందు తెరచుకొనినది, ఎంతసేపు తెరచియున్నది, ఎవరు వచ్చినప్పుడు మూసికొనినది అనునది ఛాయాచిత్రము చెప్పదు. దానికి ఘటనాస్థలమున నున్న సాక్షి కావలెను. ఆ సాక్షి వెలుగు.

వెలుగును సాక్షిగా పిలుచుట కొత్త సంగతి కాదు. గ్యాసు పొయ్యిపై అన్నము ఉడుకునప్పుడు ఉప్పు వేసిన గంజి పొంగి మంటమీద పడిన యెడల నీలి మంట ఒక్కసారిగా పసుపు పచ్చనగును. ఆ పసుపు ఉప్పులోని సోడియము చేయు సంతకము. దాని తరంగదైర్ఘ్యము 589 నానోమీటరులు. మరియొక మూలకము ఆ సంతకమును చేయజాలదు. 1860 ప్రాంతమున జర్మనీలో బున్సెన్, కిర్చాఫ్ అనువారు ఈ మంటల సంతకములను చదువుట నేర్చి వర్ణపటశాస్త్రమునకు పునాది వేసిరి. ఆ పసుపు ఎంత గాఢముగా నున్నదో కొలిచి రక్తములోని సోడియమును లెక్కించు యంత్రములు చిరకాలము ఆసుపత్రులలో పనిచేసినవి. వరి ఆకును కాల్చి అందులోని ఉప్పును లెక్కించినదియు ఇట్టి యంత్రములే.

వరి మాట వచ్చినది కనుక ఒక్క నిమిషము ఆగెదము. సముద్రమునకు దగ్గరగా దివిసీమలోను, బందరు ప్రాంతములోను కాలువల చివర భూములలో చౌడు రైతునకు తరతరాల పగవాడు. నేలలోని సోడియము వేరుగుండ ఎక్కి ఆకును చేరిన, ఆకు కొనలు మాడును, గింజ పాలుపోసికొనదు. నోనా బోక్రా అను దేశవాళి వరి ఉప్పును చాలవరకు తట్టుకొనును. 2005లో దాని రహస్యములలో ఒకటి బయటపడినది. వేరునుండి పైకి పోవు నాళములలోని సోడియమును మరల వెనుకకు లాగికొను ఒక మాంసకృత్తు దానియందు మిక్కిలి చురుకుగా పనిచేయుచున్నది. అనగా ఆకునకు పోవు కాలువమీద ఒక మంచి తూము కాపలా యున్నదన్నమాట. చౌడుకు ఆగు వంగడము, ఆగని వంగడము అని రైతు పలుకు భేదము చివరకు కణపు గట్టుననే తేలుచున్నది.

మన దేహములోను ఉప్పు కథ ఇట్టిదే. కణము బయట సోడియము ఎక్కువ, లోపల దానిలో సుమారు పదవ వంతు. ఈ మట్టపు తేడా తనంతట తాను నిలువదు. లోనికి వచ్చిన సోడియమును నిరంతరము తోడిపోయుచుండవలెను. ఆ పని చేయు మాంసకృత్తును 1957లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు జెన్స్ స్కౌ పీతల నరములలో గుర్తించెను. అది మూడు సోడియము అయానులను బయటికి నెట్టి రెండు పొటాషియము అయానులను లోనికి తెచ్చును. ఒక్కొక్క దఫాకు ఏ.టి.పి. అను భాస్వరపు ఇంధనములో ఒక అణువు ఖర్చగును. ఆ ఇంధనమును మొదట కండరములో కనుగొన్నవారిలో భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. 1925లో ఫిస్కే, సుబ్బారావు ప్రకటించిన పద్ధతిలో భాస్వరము నీలి రంగును పుట్టించును. ఆ నీలము ఎంత వెలుగును మ్రింగినదో చూచి భాస్వరమెంతయో చెప్పుదురు. ఇటువంటి పంపులు ఎంత ఇంధనమును కాల్చినవో లెక్కించుటకు తరువాతి తరములవారు ఆ నీలి రంగునే ఆశ్రయించిరి.

అయితే మంటయు, నీలి రంగును సరుకెంత దాటినదో చెప్పునుగాని తలుపెట్లు కదలినదో చెప్పవు. ధాన్యపు బస్తాలను లెక్కపెట్టి లాకు పనిని ఊహించినట్లుండును. అణువు లోపలి కదలికను వినగల వెలుగు కావలెను.

అట్టి వెలుగు 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో దొరకినది. సి.వి. రామన్ కనుగొనిన పరిక్షేపణము గూర్చి వినని తెలుగువా రుండరు. ఒకే రంగు వెలుగును ఒక ద్రవముపై ప్రసరింపజేసిన, అణువులను తాకి చెదరిన వెలుగులో అత్యల్ప భాగము రంగు మారి వచ్చును. సుమారు కోటిలో ఒక వంతు. అణువులోని పరమాణువులు తీగలవలె కంపించుచుండును. వెలుగు తన శక్తిలో కొంత ఆ కంపనమున కిచ్చి తాను ఎఱ్ఱబారి వెలువడును. ఎంత ఎఱ్ఱబారినదో కొలిచిన, ఆ తీగ ఎంత బిగువుగా నున్నదో తెలియును.

ఆ సంవత్సరమే కలకత్తాలో రామన్ చెంతకు చేరిన యువకులలో సూరి భగవంతము ఒకరు. ఆయన 1909లో నాటి కృష్ణాజిల్లాలో, విజయవాడకు చేరువనున్న ఆగిరిపల్లిలో జన్మించిరి. పిమ్మట వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నందు ఆచార్యులై, 1940లో కాంతి పరిక్షేపణమును, రామన్ ఫలితమును గూర్చి ఒక గ్రంథమును వెలువరించిరి. ఒక అణువు ఆకృతిని బట్టి దానియం దెన్ని విధముల కంపనములు సాధ్యమో, వానిలో ఏవి రామన్ వెలుగులో కనబడునో, ఏవి కనబడవో ముందుగానే గణితముతో చెప్పు విద్యను వేంకటరాయుడుగారితో కలిసి 1948లో మరియొక గ్రంథముగా వ్రాసిరి. వారి దృష్టి వాయువులపైనను, వజ్రమువంటి స్ఫటికములపైనను ఉండెను. మాంసకృత్తులు వారి రంగము కావు. కాని నేడు కణత్వచముపై రామన్ వెలుగు వేసి చదువువారు వాడు వ్యాకరణము అదియే.

ఈ వెలుగునకు జీవశాస్త్రమున ఒక ప్రత్యేకమైన అనుకూలత కలదు. జీవపదార్థము తడిగా నుండును. పరారుణ కిరణములతో చూడబోయిన నీరే వానిని మ్రింగివేయును, చూడవలసినది కనబడకపోవును. రామన్ పరిక్షేపణములో నీటి గొంతు చాల సన్నన. అందుచే నీటిలో నున్న మాంసకృత్తును నీటిలోనే ఉంచి వినవచ్చును. మాంసకృత్తు పట్టీ మెలికవలె చుట్టుకొనియున్నప్పుడు ఒక స్వరమును, చాపవలె పరచుకొనియున్నప్పుడు మరియొక స్వరమును ఇచ్చును. త్వచములోని కొవ్వు తోకలు సైనికులవలె నిటారుగా నిలిచినప్పటి ధ్వని వేరు, సంతలో జనము వలె చిందరవందరైనప్పటి ధ్వని వేరు. గట్టు గట్టిపడుటయు మెత్తబడుటయు దీనితో తెలియవచ్చును.

తలుపులోని ఒక్క మూలను గూర్చి ప్రత్యేకముగా అడుగవలెనన్న మరియొక సాక్షి కలదు. బ్యాంకులలో నోటును ఊదారంగు దీపము క్రింద పెట్టి పరీక్షించుట శ్రోతలు చూచియుందురు. కంటికి కానరాని అతినీలలోహిత కాంతిని పీల్చి నోటులోని పోగులు కంటికి కనబడు రంగులో వెలుగును. దీనిని ప్రతిదీప్తి యందురు. మాంసకృత్తులు ఇరువది రకముల అమైనో ఆమ్లములతో కూర్చబడును. వానిలో ట్రిప్టోఫాన్ అనునది ఈ విద్య నెరిగినది. 280 నానోమీటరుల కాంతిని పీల్చి, కొన్ని నానోసెకనులలో, అనగా సెకనులో నూరుకోట్ల వంతులు కొన్ని గడచులోపల, తిరిగి వెలుగు నిచ్చును. నీటిలో నిలిచిన ట్రిప్టోఫాన్ 350 నానోమీటరుల చెంత వెలుగును. కొవ్వులో దాగిన ట్రిప్టోఫాన్ 330 ప్రాంతమున, అనగా కొంచెము నీలము వైపునకు జరిగి వెలుగును. తాను తడిలో నున్నదో పొడిలో నున్నదో ఆ చిన్న దీపము తన రంగుతోనే చెప్పుచున్నది. మాంసకృత్తు తలుపు తెరచుకొని లోపలి మూలకు నీరు తగిలినచో రంగు మారును. బయటినుండి మన మేమియు తగిలింపనక్కరలేదు. ప్రకృతియే ఇంటిలో దీపము పెట్టియుంచినది.

ఈ దీపముతో మన హైదరాబాదులో జరిగిన పని యొకటి చెప్పవలెను. 1977లో పుష్పమిత్ర భార్గవ నాయకత్వమున ఆరంభమైన కణ, అణు జీవశాస్త్ర కేంద్రములో అమితాభ చటోపాధ్యాయ, ఆయన శిష్యులు త్వచముల కదలికలను ప్రతిదీప్తితో పరిశోధించిరి. వారు ఎన్నుకొనిన వానిలో గ్రామిసిడిన్ ఒకటి. నేలలో బ్రదుకు ఒక క్రిమి దీనిని తయారుచేయును. 1939లో డ్యూబో దీనిని కనుగొనెను. పదునైదు అమైనో ఆమ్లముల పొట్టి గొలుసు. రెండు గొలుసులు తలకు తల చేర్చి త్వచమునకు అడ్డముగా ఒక సన్నని గొట్టము నేర్పరచును. అందుగుండ సోడియము, పొటాషియము జారిపోవును. పరాయి క్రిమి గట్టున ఇట్లు గొట్టము దిగినచో దాని మట్టములన్నియు కలిసిపోయి అది చచ్చును. ఇది మిక్కిలి చిన్న తూము. ఆ పదునైదింటిలో నాలుగు ట్రిప్టోఫానులు. నాలుగును గొట్టపు మూతిచెంతనే, కొవ్వునకును నీటికిని సరిహద్దున నిలిచియున్నవి.

సరిహద్దున నున్నవని ఎట్లు తెలిసెను? 1994లో హైదరాబాదువారు ప్రకటించిన పరిశోధనలో ఒక యుక్తి కలదు. దానిని బస్సు ప్రయాణముతో చెప్పెదము. బందరు బస్సులో నొక్కరు ఎక్కినంతనే ప్రక్కవారు కొంచెము జరిగి సర్దుకొందురు. బస్సు ఖాళీగా నున్న ఆ సర్దుబాటు క్షణములో ముగియును. తరువాత ఎప్పుడు ఫొటో తీసినను అన్ని ఫొటోలు ఒక్కరీతిగనే ఉండును. బస్సు కిక్కిరిసియున్నయెడల సర్దుబాటు ముగియకమునుపే ఫొటో పడును. అప్పటికే చోటు కుదిరినవాని ఫొటో వేరు, కుదరనివాని ఫొటో వేరు. ట్రిప్టోఫాన్ కాంతిని పీల్చినప్పుడు చుట్టునున్న నీటి అణువులు అట్లే జరిగి సర్దుకొనవలెను. మామూలు నీటిలో అది దీపము వెలుగుటకు ఎంతో ముందే ముగియును. అందుచే ఏ రంగుతో వెలిగించినను వచ్చు రంగు ఒక్కటే. బిగువైన చోట మాత్రము, వెలిగించు కాంతిని ఎఱ్ఱని అంచువైపు జరిపినకొలది, అప్పటికే చుట్టును సర్దుకొనియున్న దీపములే వెలుగును. వచ్చు వెలుగును ఎఱ్ఱవైపునకు జరుగును. గ్రామిసిడిన్ ఈ జరుగుబాటును చూపినది. త్వచపు అంచున నీరున్నదనియు, అది మన చెంబులోని నీరు వలె స్వేచ్ఛగా తిరుగుట లేదనియు, అక్కడ ట్రిప్టోఫానులు బిగువుగా కుదిరియున్నవనియు దానితో తేలెను. వాని స్థానమున మరియొక అమైనో ఆమ్లమును పెట్టిన తూము పారుదల తగ్గునని ఇతరుల పరీక్షలు చూపినవి. అనగా అవి అలంకారమునకు పెట్టిన దీపములు కావు. తూమును గట్టున నిలుపు చీలలును అవియే. మిల్లీమీటరులో లక్షల వంతులలో జరుగు ఈ సంగతి ఒక రంగు కొలది నానోమీటరులు జరుగుటవలన తెలియుట మాకు ఇప్పటికిని ఆశ్చర్యముగనే యున్నది.

తూము సంగతి ఇది. ఇక లాకు సంగతి. దీనికి ప్రయోగశాలనుండి బయటికి, మన డెల్టా ఊళ్ళలోనికి రావలెను.

కలరా ఈ సీమకు కొత్త కాదు. కాలువ నీరే త్రాగి కాలువలోనే అన్నియు కడిగికొనిన దినములలో వేసవి చివర కాలువలు వదలగానే గుండె గుబగుబలాడెడిది. మా బంధువుల ఇంట ఒక పసివానికి వాంతులు, విరేచనములు పట్టుకొన్నప్పుడు పెద్దలు చేసిన మొదటి పని చెంబును దూరముగా పెట్టుట. నీరు పోసిన కొలది విరేచనమగునని వారి నమ్మకము. పిల్లవాడు నీరు నీరని ఏడ్చుటయు, తరువాత ఏడ్చుటకు కన్నీరు లేకపోవుటయు మేము చూచితిమి. పెద్దలయందు దయ లేక కాదు. వారి అనుభవములో కొంత నిజము కూడ కలదు. ఒట్టి నీరు ఆ ప్రేగులో నిలువదు.

ఎందుకు నిలువదు? 1959లో కలకత్తాలో శంభునాథ్ డే కలరా క్రిమి వదలు విషమే ప్రేగును నీరు కార్చునట్లు చేయుచున్నదని నిరూపించెను. ఆ విషము ప్రేగు కణములలో ఒక తూమును ఎత్తి పట్టుకొనును. లోపలి ఉప్పు బయటికి పోవును, దాని వెంట నీరు పోవును. తూము మూతపడునంతవరకు ఎంత నీరు పోసినను గండిపడిన గట్టునకు నీరు పెట్టినట్లే.

కాని అదే కణమునకు ఒక లాకు కూడ కలదు. 1960లో ప్రాగ్ నగరపు సభలో రాబర్ట్ క్రేన్ దీనిని ప్రతిపాదించెను. ఆ లాకు ఒక గ్లూకోజు అణువును సోడియముతో కలిపి గాని లోనికి తీసికొనదు. ఒక గ్లూకోజుతో రెండు సోడియము అయానులు దిగునని తరువాతి లెక్కలు చెప్పినవి. బయట సోడియము మట్టము ఎక్కువ, లోపల తక్కువ. సోడియము దిగుచున్నది. దిగుచున్న సోడియము గ్లూకోజును ఎక్కించుచున్నది. ఎగువ నీరు దిగి పడవను ఎత్తుటయే ఇది. ఉప్పును చక్కెరయు లోనికి పోయినచో వాని వెంట నీరును పోవును. కలరా విషము తూమును పాడుచేసినను ఈ లాకును ముట్టదు. పిల్లవానిని బ్రతికించు దారి యావత్తును ఈ ఒక్క సంగతియందే ఉన్నది.

1971లో తూర్పు బెంగాలునుండి వచ్చిన శరణార్థుల బనగాఁవ్ శిబిరములో కలరా చెలరేగినప్పుడు నరమునకు ఎక్కించు సెలైను చాలకపోయెను. డాక్టరు దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ములలో నింపి, రోగుల బంధువులచేతనే త్రాగించెను. మరణములు సుమారు నూటికి 30 నుండి 4 లోపునకు దిగినవి. నేడు మందుల దుకాణములో దొరకు ఓ.ఆర్.ఎస్. పొట్లము ఆ నీటి సంతతియే. 2002నుండి అంగీకృతమైన కొలత ప్రకారము లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, దానితోపాటు పొటాషియము, సిట్రేటు చేర్చుదురు. పొట్లము దొరకనిచోట లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలుపవచ్చును. చెంచా గోపురమువలె నింపక అంచుకు సమముగా కొలువవలెను. ఉప్పు ఎక్కువైన ప్రమాదము. చక్కెర ఎక్కువైన విరేచనము పెరుగును.

ఈ లాకు తలుపు కదలుట చూచినవారును ఇప్పుడు కలరు. 1987లో ఆ మాంసకృత్తు జన్యువు చేతికి వచ్చినది. కాలిఫోర్నియాలో ఎర్నెస్ట్ రైట్, డోనాల్డ్ లూ మున్నగువారు దానిని ఆఫ్రికా కప్ప గ్రుడ్డులో ప్రవేశపెట్టిరి. ఆ గ్రుడ్డు మిల్లీమీటరు పైచిలుకు వెడల్పుండును. దాని త్వచముపై ప్రేగులాకులు లక్షోపలక్షలుగా మొలచును. ఇక్కడ సహజమైన ట్రిప్టోఫాన్ దీపములు చాలవు. గ్రుడ్డులోని వేలకొలది ఇతర మాంసకృత్తులకును అవి కలవు గదా. అందుచే లాకులో ఎన్నుకొనిన ఒక్క చోట మాత్రము ఒక రంగు అణువును అతికించిరి. పచ్చని వెలుగును పీల్చి ఎఱ్ఱగా మెరయు రోడమిన్ జాతి రంగు అది. 1998లో ప్రకటించిన ఫలితము ప్రకారము గ్రుడ్డు బయటి నీటిలో సోడియమును మార్చినప్పుడును, చక్కెర కలిపినప్పుడును, త్వచముపై విద్యుత్పీడనమును మార్చినప్పుడును ఆ మెరుపు హెచ్చుతగ్గులైనది. సరుకు దాటుట విద్యుత్తుగా నమోదగుచుండగా తలుపు కదలుట వెలుగుగా నమోదైనది. బస్తాల లెక్కయు, తలుపు చప్పుడును ఒకేమారు వినబడినట్లు.

రెండు తలుపులు ఒకదాని తరువాత ఒకటి తెరచుకొనుటను చూచుటకు ఒక్క దీపము చాలదు, రెండు కావలెను. ఒకదాని వెలుగును రెండవది అందుకొనగల జంట. 1948లో ఫోర్‌స్టర్ ఈ అందుకొనుట ఎంత దూరమున ఎంత జరుగునో లెక్క కట్టెను. దూరము రెట్టింపైన అందుకొను వేగము అరువదినాలుగవ వంతునకు పడిపోవును. కొద్ది నానోమీటరుల దూరమును కొలుచుటకు ఇంతకన్న సునిశితమైన కొలబద్ద దొరకదు. ఒక క్రిమి లాకుపై, పాల చక్కెరను లోనికి తెచ్చుదానిపై, రోనాల్డ్ కాబాక్ బృందము ఇట్టి దీపములను లోపలి మూతిన కొన్నిటిని, బయటి మూతిన కొన్నిటిని అతికించినది. చక్కెర అతుకగానే లోపలి దీపములు దగ్గరైనవి, బయటి దీపములు దూరమైనవి. ఒకటి మూసికొనుచుండగా మరియొకటి తెరచుకొనుచున్నది. జార్డెట్‌స్కీ మాట వెలుగు నోట వినబడుటకు సుమారు నలుబది యేండ్లు పట్టినది.

దీపములు అతికించు పద్ధతిపై మాకొక సందేహము లేకపోలేదు. తలుపునకు బరువు వ్రేలాడగట్టిన తలుపు నడక మారదా? మారును, కొన్ని చోట్ల లాకు పనియే ఆగిపోవును. అందుకే పరిశోధకులు చోటు మార్చి చోటు మార్చి అతికించి, అన్ని సాక్ష్యములును కలిసినప్పుడు గాని తీర్పు చెప్పరు. 2008లో ఈ ప్రేగు లాకు కుటుంబములో మొదటిసారిగా ఒకదాని స్ఫటిక చిత్రము లభించినది. చక్కెర నడుమ చిక్కుకొని, బయటి తలుపు మూసియున్న స్థితి అది. ఆ మాంసకృత్తు వచ్చినది సముద్రపు నీటిలో బ్రదుకు ఒక విబ్రియో క్రిమినుండి. కలరా క్రిమికి అది దాయాది.

ఈ లాకుల విద్యకు ఇప్పుడు మరియొక గిరాకి వచ్చినది. మూత్రపిండములు రోజునకు సుమారు 180 గ్రాముల గ్లూకోజును వడపోసి, మరల దాదాపు మొత్తమును రక్తమునకు చేర్చును. చేర్చునవి ప్రేగు లాకునకు తోబుట్టువులే. మధుమేహరోగికి ఈ పొదుపు అవసరము లేదు. ఆపిల్ చెట్టు వేరు పట్టలో 1835లో దొరకిన ఫ్లోరిజిన్ అను చేదు పదార్థము ఈ లాకులను మూయునని చాలకాలమునుండి తెలియును. కాని అది ప్రేగులోని లాకును, మూత్రపిండములోని లాకును భేదము లేక మూసివేయును. ఇప్పుడు మధుమేహమునకు ఇచ్చు గ్లిఫ్లోజిన్ తరగతి మాత్రలు దాని రూపమును దిద్ది చేసినవి. అవి ప్రధానముగా మూత్రపిండపు లాకునే పట్టుకొనును, మిగులు చక్కెర మూత్రముతో పోవును. రెండు లాకులును చూడ నొక్కటివలె నుండును. ఏ తలుపు మూలలోని భేదము ఒకదానికి తాళమై మరియొకదానికి కాకున్నదో తెలిసికొనుటకు పరిశోధకులు ఇంకను ఆ మాంసకృత్తుకు దీపము లతికించుచునే యున్నారు.